26 ఏళ్లకే బూట్లు విప్పేసిన మిడ్‌ఫీల్డర్: కర్టిస్ వుడ్‌హౌస్ గురించి మాట్లాడుకుందాం

హంబర్ ఒడ్డున

అందరికీ నమస్కారం. ఇక్కడ ఎప్పుడూ ఆర్సెనల్, లివర్‌పూల్, పాయింట్ల పట్టిక గొడవే కదా. ఇవాళ ఒక చిన్న కెరీర్ గురించి రాస్తాను, ఓపిగ్గా చదవండి.

నేనుండేది హల్‌లో. ఇక్కణ్నుంచి ఉత్తరానికి ఓ ఇరవై మైళ్లు వెళ్తే డ్రిఫీల్డ్ అనే ఊరు వస్తుంది. చుట్టూ గోధుమ చేలు, మధ్యలో ఒక బజారు వీధి, అంతే ఊరు. కర్టిస్ వుడ్‌హౌస్ అక్కడ పెరిగాడు. పుట్టింది 1980 ఏప్రిల్‌లో, దగ్గర్లోనే ఉన్న బెవర్లీలో. 17 ఏళ్లకే షెఫీల్డ్ యునైటెడ్ పెద్ద జట్టులో మిడ్‌ఫీల్డర్‌గా దిగాడు. ఆ జట్టుకి లీగ్ ఆటలే వందకు పైగా ఆడాడు. ఇంగ్లండ్ అండర్-21 జట్టుకి నాలుగు ఆటలు ఆడాడు. 2001 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్ సిటీ 10 లక్షల పౌండ్లిచ్చి కొనుక్కునేనాటికి అతనికింకా 21 నిండలేదు.

2006లో, 26 ఏళ్ల వయసులో, ఫుట్‌బాల్ చాలించి బాక్సింగ్‌లోకి వెళ్లిపోయాడు. కాలు విరగలేదు, మోకాలు పోలేదు. ఆట మీద ఇష్టం చచ్చిపోయిందని తనే చెప్పాడు.

ఈ మాట ఇక్కడి మనవాళ్ల దగ్గర ఎప్పుడెత్తినా "అంత టాలెంటూ బూడిదలో పోసుకున్నాడు" అంటారు. నాకు అలా అనిపించదు. మీరేమంటారు?

నల్లగొండ పదో నంబర్

అన్నా, నేనైతే బూడిదల పోసుకున్నడనే అంట. తప్పుగా అనుకోకు. మా దిక్కు పోరగాళ్లు మంచి గ్రౌండ్ లేక కంకర మీద ఆడుతరు. బూట్లు ఒకల్లయి ఒకల్లు మార్చుకొని ఏసుకుంటరు. ఇరవై ఏండ్లకు పది లక్షల పౌండ్ల ధర పలికినోడు ఇష్టం పోయిందంటే మాకు మింగుడు పడదు. ఇష్టంతోని పనేంది? అది కొలువు. మా నాయిన ముప్ఫై ఏండ్లు బస్సు నడిపిండు, స్టీరింగ్ మీద ఇష్టంతోని కాదు.

బర్మింగ్‌హామ్ బాబాయి

నేను ఆ రోజుల్లో బర్మింగ్‌హామ్ సిటీ మైదానం సెయింట్ ఆండ్రూస్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉండేవాణ్ని. వుడ్‌హౌస్‌ని చూశాను కాబట్టి రెండు మాటలు.

బంతి కాలికి తగలగానే తల పైకెత్తి చూసేవాడు. ఆ వయసు కుర్రాళ్లలో అది తక్కువ. ట్యాకిల్‌లోకి వెళ్తే సగం మనసుతో వెళ్లే రకం కాదు. అతన్ని తీసుకొచ్చింది ట్రెవర్ ఫ్రాన్సిస్. ఆ ఏడాది చివర్లో ఫ్రాన్సిస్ వెళ్లిపోయి స్టీవ్ బ్రూస్ వచ్చాడు. 2002 మేలో ప్లేఆఫ్ ఫైనల్, అంటే పై లీగ్‌కి ఎక్కే చివరి జట్టేదో తేల్చే ఆట, కార్డిఫ్‌లో జరిగింది. మామూలుగా అది జరిగే లండన్ వెంబ్లీ స్టేడియం అప్పటికి మూతపడి ఉంది. నారిచ్‌ని పెనాల్టీల్లో కొట్టి బర్మింగ్‌హామ్ ప్రీమియర్ లీగ్‌లోకి వెళ్లింది. ఊరంతా పండగే.

ఆ పండగే ఇతని పాలిట ముప్పయింది. పై లీగ్‌కి వెళ్లగానే క్లబ్ కొత్త మనుషుల్ని కొంటుంది. మిడ్‌ఫీల్డ్‌లోకి లెస్టర్ నుంచి రాబీ సావేజ్ వచ్చాడు. ఆ వేసవి ప్రపంచ కప్‌లో సెనెగల్‌కి కెప్టెన్‌గా ఉన్న అలియు సిసే వచ్చాడు. జనవరిలో టాటెన్‌హామ్ నుంచి స్టీఫెన్ క్లెమెన్స్ కూడా. జట్టుని పైకి తీసుకెళ్లినవాళ్లలో సగం మంది బెంచీ మీదో, బెంచీ వెనకో కూర్చున్నారు. వుడ్‌హౌస్ ప్రీమియర్ లీగ్ ఆటలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. 2003లో కొన్నాళ్లు ఆడటానికి రోథరమ్ జట్టుకి అప్పుగా పంపారు. నల్లగొండ తమ్ముడూ, కొలువు అన్నావు కదా, కొలువులో కూడా పై మేనేజర్ మారితే కింద కుర్చీలు మారతాయి.

కాకినాడ కార్నర్

చిన్న సందేహం. కింది లీగులంటే ఎన్ని మెట్లు? ఛాంపియన్‌షిప్ అంటే ఫస్ట్ డివిజనేనా? పాత వ్యాసాల్లో ఒక పేరు, కొత్తవాటిలో ఒక పేరు కనపడి తికమకగా ఉంటుంది.

ఆఫ్‌సైడ్ గీత

కార్నర్ గారూ, 2004 దాకా ప్రీమియర్ లీగ్ కింద ఫస్ట్, సెకండ్, థర్డ్ డివిజన్లు ఉండేవి. ఆ ఏడాది వాటికే ఛాంపియన్‌షిప్, లీగ్ వన్, లీగ్ టూ అని పేర్లు పెట్టారు. పైన 20 జట్లు, కింది మూడింటిలో 24 చొప్పున 72, మొత్తం 92. ఆ తొంభై రెండులో లేకపోతే నాన్‌లీగ్ అంటారు. అక్కడ చాలామంది పగలు వేరే పని చేసుకుని సాయంత్రం ఆడతారు.

ఇక అసలు విషయం. వుడ్‌హౌస్ గురించి మాట్లాడేవాళ్లు అతని స్వభావం గురించే మాట్లాడతారు, 2002 గురించి మాట్లాడరు. కింది మూడు డివిజన్ల ఆటలు చూపించడానికి ఐటీవీ డిజిటల్ అనే టీవీ సంస్థ మూడేళ్లకు 31.5 కోట్ల పౌండ్ల ఒప్పందం రాసుకుంది. ఆ డబ్బు వస్తుందన్న నమ్మకంతో క్లబ్బులు జీతాలు పెంచేశాయి, పెద్ద కాంట్రాక్టులు ఇచ్చాయి. 2002 వసంతంలో సంస్థ కూలిపోయింది. ఇంకా రావాల్సింది 17.85 కోట్లు. దాని వెనకున్న కార్ల్‌టన్, గ్రనాడా కంపెనీల మీద ఫుట్‌బాల్ లీగ్ కోర్టుకెళ్లింది. ఆ రెండూ పూచీ ఉంటామని కాగితం మీద సంతకం పెట్టలేదు కాబట్టి కేసు ఓడిపోయింది.

దెబ్బ తగిలింది ఎవరికంటే, 21 నుంచి 25 ఏళ్ల మధ్య ఉన్న మామూలు ఆటగాళ్లకి. జూన్ 30తో కాంట్రాక్టు ముగిసినవాళ్లకి మళ్లీ ఇచ్చేవాళ్లు లేరు. ఇచ్చినా ఏడాదికి. అంతకుముందు లక్షల్లో కొన్న మనిషిని ఊరికే పంపేసినా చాలు, జీతం మిగులుతుందనే స్థితికి క్లబ్బులు వచ్చాయి. వుడ్‌హౌస్ 2003లో సెకండ్ డివిజన్‌లోని పీటర్‌బరోకి వెళ్లాడంటే ఆ గాలి కూడా అందులో ఉంది. అతనొక్కడి కాలు జారడంగా చూస్తే లెక్క తప్పుతుంది.

హంబర్ ఒడ్డున

ఆఫ్‌సైడ్ గారు చెప్పింది నేను మర్చిపోయిన ముక్క. థాంక్స్.

అతను దిగిన మెట్లు ఇవి. ఈ మైదానాలు చాలావరకు నేను స్వయంగా తిరిగి చూశాను.

రోథరమ్ ఆడింది అప్పుడు మిల్‌మోర్‌లో. పక్కనే పాత ఇనుము గుట్టలు, ప్రహరీ దాటి చూస్తే తుప్పు రంగు తప్ప ఏమీ కనపడదు. పీటర్‌బరోలో బారీ ఫ్రై మేనేజర్. అక్కడ రెండు సీజన్లు బాగానే ఆడాడు, గోల్స్ కూడా కొట్టాడు. 2005 వేసవిలో మా హల్ సిటీ తీసుకుంది. అప్పుడే ఛాంపియన్‌షిప్‌కి ఎక్కిన జట్టు, మూడేళ్ల కిందటే కట్టిన కొత్త స్టేడియం, ఇంటికి ఇరవై మైళ్లు. ఎవరైనా ఇక్కడ స్థిరపడతాడనుకుంటారు. ఆరు నెలలు కూడా నిలవలేదు. 2006 జనవరిలో హంబర్ నదికి అటువైపు గ్రిమ్స్‌బీకి, అంటే లీగ్ టూకి వెళ్లిపోయాడు.

గ్రిమ్స్‌బీ మైదానం బ్లండెల్ పార్క్ చూసినవాళ్లకి తెలుస్తుంది. నిజానికి అది క్లీథార్ప్స్‌లో ఉంది, హంబర్ సముద్రంలో కలిసే చోటికి ఆనుకుని. గాలి వీస్తే గోల్ కీపర్ కొట్టిన బంతి వెనక్కి వచ్చినట్టుంటుంది. మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు తీసుకెళ్లాను. ఆవిడ ఆట చూడలేదు, నీళ్లు చూస్తూ కూర్చుంది. ఆ సీజన్లో గ్రిమ్స్‌బీ ప్లేఆఫ్ ఫైనల్ దాకా వెళ్లి చెల్టెన్‌హామ్ చేతిలో 1-0తో ఓడింది. మళ్లీ కార్డిఫ్‌లోనే. నాలుగేళ్ల కిందట అతని పాత జట్టు పైకెక్కిన స్టేడియమది.

ఆ వేసవిలోనే బాక్సింగ్ అన్నాడు.

ఫిజియో అక్క

నేను ఫిజియోథెరపిస్టుని. కింది లీగుల ఆటగాళ్లకి కొన్నాళ్లు వైద్యం చేశాను, క్లబ్బు పేరు రాయను.

24 జట్ల లీగంటే ఒక్కొక్కరితో రెండేసి, మొత్తం 46 ఆటలు. కప్పులు వేరే. శనివారం ఆట, మంగళవారం రాత్రి ఆట, మధ్యలో బస్సులో ఐదారు గంటలు. మిడ్‌ఫీల్డర్ ఒక ఆటలో దాదాపు 10, 11 కిలోమీటర్లు పరిగెత్తుతాడు. అది తిన్నగా పరుగు కాదు, ఆగడం, తిరగడం, మళ్లీ లేవడం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా మైదానం బురద. పాతికేళ్ల కుర్రాడి చీలమండ పట్టుకుంటే యాభై ఏళ్ల మనిషిదిలా ఉండేది కొన్నిసార్లు.

కానీ నేను చెప్పాలనుకున్నది దాని గురించి కాదు. టేబుల్ మీద పడుకోబెట్టాక మనుషులు మాట్లాడతారు. నొప్పి గురించి మొదలుపెట్టి ఇంకేదో చెప్తారు. ఒకతను, పేరు వద్దు, శుక్రవారం రాత్రి వర్షం పడాలని, ఆట రద్దవ్వాలని దండం పెట్టుకునేవాణ్నని చెప్పాడు. అతను మంచి ఆటగాడు, రోజూ జట్టులో ఉండేవాడు. అలాంటి మాట మేనేజర్‌కి చెప్పలేరు, పక్కవాడికి చెప్పలేరు, ఇంట్లో అసలే చెప్పలేరు. ఇల్లంతా ఆ కల మీదే నిలబడి ఉంటుంది కదా. వుడ్‌హౌస్ దాన్ని నలుగురి ముందు నోరు తెరిచి చెప్పాడు. నా వరకు అది పది లక్షల పౌండ్ల కంటే పెద్ద విషయం.

నల్లగొండ తమ్ముడూ, మీ నాన్నగారి మాట నాకు అర్థమైంది. మా నాన్న కూడా షిప్‌యార్డులో అలాగే పని చేశారు. అయితే ఆయన ప్రతి శనివారం పదివేల మంది ముందు పని చేయలేదు. తప్పు చేస్తే వాళ్లంతా అరవలేదు.

నల్లగొండ పదో నంబర్

అక్కా, ఆ వర్షం మాట ఇంటే మనసు కలుక్కుమన్నది. సరే, ఒప్పుకుంట. కని ఒకటి అడుగుత. ఆట మీద ఇష్టం పోయినోడు దెబ్బలు తినే ఆటకే ఎందుకు పోయిండు? ఇంకేదన్న శాంతమైన పని చూసుకోవచ్చు గదా. పోయి ఏమన్న సాధించిండా?

హంబర్ ఒడ్డున

సాధించాడు తమ్ముడూ, చెప్తాను.

2006 సెప్టెంబరులో లండన్‌లో మొదటి ప్రొఫెషనల్ బౌట్. నాలుగు రౌండ్లు, డీన్ మార్కాంటోనియో మీద పాయింట్లతో గెలిచాడు. అంతకుముందు చెప్పుకోదగ్గ అమెచ్యూర్ అనుభవం లేదు. మామూలుగా ఈ దేశంలో బాక్సర్లు పదేళ్ల వయసు నుంచి క్లబ్బుల్లో ఆడుతూ వస్తారు. ఇతను 26 ఏళ్లకి మొదలుపెట్టాడు. పత్రికలు తమాషాగానే రాశాయి, ఫుట్‌బాల్ వాడు సరదాకి వచ్చాడని.

తండ్రికి ఒక మాట ఇచ్చాడు, బ్రిటిష్ ఛాంపియన్ అవుతానని. ఆ మాట నిలబెట్టుకునేనాటికి తండ్రి లేడు.

మధ్యలో ఓటములున్నాయి. 2011లో ఫ్రాంకీ గావిన్ చేతిలో పాయింట్ల మీద ఓడాడు. గావిన్ అంటే 2007లో అమెచ్యూర్ ప్రపంచ ఛాంపియన్. అలాంటివాడితో చివరి గంట దాకా నిలబడి ఆడాడు. ఆ రాత్రి తర్వాత తమాషాగా రాసినవాళ్లు తగ్గారు. 2013 మార్చిలో షేన్ సింగిల్‌టన్‌తో ఇంగ్లిష్ టైటిల్ బౌట్ ఓడాడు.

2014 ఫిబ్రవరి 22. హల్ ఐస్ అరీనా. ఆ రాత్రి నేను లోపల ఉన్నాను. టికెట్ నా సహోద్యోగి ఇచ్చాడు, అప్పటికి నాకు బాక్సింగ్‌లో ఓనమాలు రావు. ఛాంపియన్ డారెన్ హామిల్టన్ పొడగరి, చేతులు బారుగా ఉంటాయి. వుడ్‌హౌస్ పొట్టి. అందుకే ప్రతి రౌండూ లోపలికి దూసుకెళ్లడమే. దూరంగా ఉంటే దెబ్బలు తినాలి, దగ్గరకెళ్లాలన్నా దారిలో ఒకటి రెండు తినే వెళ్లాలి. పన్నెండు రౌండ్లూ అదే పని. నా ముందు వరసలో డ్రిఫీల్డ్ నుంచి వచ్చిన ముసలాయన ఒకరు ఆరో రౌండు నుంచి కూర్చోలేదు. ముగ్గురు జడ్జిల్లో ఇద్దరు వుడ్‌హౌస్‌కి ఇచ్చారు. లైట్ వెల్టర్‌వెయిట్ అనే బరువు తరగతిలో బ్రిటిష్ ఛాంపియన్, నడుముకి ఆ ఛాంపియన్లకిచ్చే లాన్స్‌డేల్ బెల్టు. రింగులో మోకాళ్ల మీద కూలబడి ఏడ్చాడు. చుట్టూ ఉన్న హల్ మగవాళ్లు కూడా ఏడ్చారు, ఈ ఊళ్లో నేను అది మళ్లీ చూడలేదు.

నాలుగు నెలలకే గ్లాస్గో దగ్గర విల్లీ లిమండ్ చేతిలో ఓడి ఆ టైటిల్ పోగొట్టుకున్నాడు, రిటైరవుతున్నానన్నాడు.

శాంతమైన పని ఎందుకు చూసుకోలేదంటే, నాకు తోచింది చెప్తాను. ఫుట్‌బాల్‌లో అతని రాత పదిమంది చేతుల్లో ఉంది. మేనేజరు, కొనేవాడు, అమ్మేవాడు, టీవీ కంపెనీ. రింగులో ఎవరూ లేరు. గెలిచినా ఓడినా తనదే.

కాకినాడ కార్నర్

సింగిల్‌టన్ బౌట్ ఓడాక జరిగిన ట్విట్టర్ గొడవ ఇతనిదేనా? నాకు ఆ సంగతి తెలుసు, మనిషి పేరే గుర్తులేదు! ఒకడు నెలల తరబడి తిడుతూ ఉంటే, వాడి చిరునామా కనుక్కుని కారేసుకుని షెఫీల్డ్ వెళ్లి, వాడి వీధి బోర్డు ఫొటో పెట్టాడు కదా. వాడు వెంటనే క్షమాపణ చెప్పాడు.

నేను సోషల్ మీడియాలో పనిచేస్తాను. మా దగ్గర శిక్షణలో ఇప్పటికీ ఆ ఉదంతం చెప్పుకుంటాం. ఇంటిముందుకెళ్లడం మంచిదని నేననను, వేరేవాళ్లు చేస్తే ప్రమాదానికి దారితీయొచ్చు. కానీ తెర అవతల ఉన్నది మనిషని ఆ తిట్టినవాడికి మొదటిసారి తెలిసింది ఆ ఫొటోతోనే.

ఆఫ్‌సైడ్ గీత

హంబర్ గారూ, ఒక సవరణ. 26కి పూర్తిగా మానేశాడని రాశారు. పూర్తికాలం మానేశాడు, నిజమే. కానీ అదే సీజన్లో రష్డన్ అండ్ డైమండ్స్‌కి ఆడాడు. ఆ జట్టు అప్పుడే లీగ్ టూ నుంచి నాన్‌లీగ్‌లోకి పడిపోయి ఉంది. తర్వాత కూడా నాన్‌లీగ్‌లో అక్కడక్కడా ఆడాడు, ఆ తర్వాత మేనేజరయ్యాడు. బ్రిడ్లింగ్‌టన్ టౌన్, గెయిన్స్‌బరో ట్రినిటీ లాంటి చిన్న జట్లు.

ఇది చిన్న విషయం కాదని నా ఉద్దేశం. ఇష్టం పోయింది ఆట మీద కాదు, ఆ జీవితం మీద అనుకుంటాను. లేకపోతే వారానికి రెండు సాయంత్రాలు చలిలో నిలబడి నాన్‌లీగ్ కుర్రాళ్లకి కోచింగ్ ఇవ్వడు.

హంబర్ ఒడ్డున

సవరణ ఒప్పుకుంటున్నాను. శీర్షికలో "బూట్లు విప్పేసిన" అన్నది కూడా కొంచెం ఎక్కువైంది, కానీ ఇప్పుడు మార్చే వీల్లేదు.

డాన్‌కాస్టర్ నాన్న

ఇక్కడ చాలాకాలంగా చదువుతున్నాను, రాయడం ఇదే మొదటిసారి. ఈ చర్చ చూశాక ఉండలేకపోయాను.

మా అబ్బాయికి 16 నిండాయి. తొమ్మిదో ఏట నుంచి ఒక కింది లీగ్ క్లబ్బు అకాడమీలో ఉన్నాడు. సెంట్రల్ మిడ్‌ఫీల్డ్. వారానికి మూడు సాయంత్రాలు, ఆదివారం ఆట. ఏడేళ్లు నేనే కారు నడిపాను. మా ఆవిడ వెనక సీట్లో వాడికి డబ్బాలో అన్నం పెట్టేది, వాడు దారిలో తినేవాడు. మొన్న క్లబ్బువాళ్లు రెండేళ్ల స్కాలర్‌షిప్, అంటే ప్రొఫెషనల్ అవడానికి ముందు మెట్టు, ఇస్తామన్నారు. వాడి జట్టులో సగం మందికి ఆ మాట రాలేదు, వద్దని పంపేశారు. మావాడికి వచ్చింది. వాడు వద్దన్నాడు.

కారణం అడిగితే మూడు రోజులు చెప్పలేదు. తర్వాత, "నాన్నా, బంతి నా దగ్గరికి రాకూడదని అనుకుంటున్నాను" అన్నాడు.

నేను కోప్పడ్డాను. చాలా మాటలన్నాను. పెట్రోలు లెక్క కూడా చెప్పాను. ఫిజియో అక్క వర్షం మాట చదివాక రాత్రి నిద్ర పట్టలేదు. అదే మాట కదా అది.

ఫిజియో అక్క

అన్నయ్యా, మీ అబ్బాయి ఆ మాట మీతో చెప్పాడు. నా టేబుల్ మీద పడుకున్నతను 27 ఏళ్లకి నాతో చెప్పాడు, అదీ ఇంట్లో తెలియనివ్వొద్దని. తేడా చూడండి.

ఒక పని చేయండి. వెంటనే కాదు అనీ చెప్పొద్దు, అవునూ చెప్పొద్దు. క్లబ్బులో పిల్లల బాగోగులు చూసే అధికారి ఒకరుంటారు, వాళ్లతో మాట్లాడి కొన్ని వారాలు గడువు అడగండి. ఆ వారాలు బంతి ముట్టుకోకపోయినా ఫరవాలేదు. అలసట వల్ల వచ్చిన విముఖత అయితే కొంత తగ్గుతుంది. తగ్గకపోతే అది వాడి నిర్ణయం.

బర్మింగ్‌హామ్ బాబాయి

నేను ఒకటి చెప్తాను, భయపెట్టడానికి కాదు. స్కాలర్‌షిప్ ఒప్పుకున్నా రేపేమవుతుందో ఎవరికీ తెలియదు. బెన్ కాలెట్ పేరు విన్నారా? మాంచెస్టర్ యునైటెడ్ కుర్రాళ్ల జట్టులో ఎడమవైపు మిడ్‌ఫీల్డర్. 2003లో ఆ జట్టు కుర్రాళ్ల టోర్నీ ఎఫ్ఏ యూత్ కప్ గెలిచింది, ఆ ఏటి ఉత్తమ యువ ఆటగాడిగా క్లబ్బు ఇతనికి జిమ్మీ మర్ఫీ అవార్డిచ్చింది. అదే మే నెలలో రిజర్వ్ జట్టు ఆటలో మిడిల్స్‌బరో ఆటగాడి ట్యాకిల్‌కి కాలు రెండు చోట్ల విరిగింది. వయసు 18. మళ్లీ ఆ స్థాయికి రాలేకపోయాడు.

2008లో హైకోర్టు అతనికి 43 లక్షల పౌండ్ల పరిహారం ఇచ్చింది. అలెక్స్ ఫెర్గూసన్ సాక్ష్యం చెప్పాడు, ఈ కుర్రాడు నిజంగా పైకి వచ్చేవాడని. ఆడని ఆటలకి, కొట్టని పాస్‌లకి ఒక జడ్జి కూర్చుని సంవత్సరాల వారీగా వెల కట్టడం నేను అప్పుడే మొదటిసారి విన్నాను. ఈలోగా కాలెట్ లీడ్స్‌లో యూనివర్సిటీకి వెళ్లి ఇంగ్లిష్ సాహిత్యం చదువుకున్నాడు.

ఏదో ఒక చదువు చేతిలో ఉండాలి. స్కాలర్‌షిప్ తీసుకున్నా, తీసుకోకపోయినా. ఆటగాళ్ల సంఘం పీఎఫ్ఏ 1907 నుంచి ఉంది, మాజీ ఆటగాళ్ల చదువులకి సాయం చేస్తుంది. కానీ అది ప్రొఫెషనల్ అయ్యాక మాట. ఇప్పుడు మీవాడికి మీరే పీఎఫ్ఏ.

సికింద్రాబాద్ లెఫ్ట్ వింగ్

నాకు 74 ఏళ్లు. ఇంగ్లండ్ సంగతులు నాకు తెలియవు, మా మనవడు చదివి వినిపించాడు. నాకు బలరాం గుర్తుకొచ్చాడు.

తులసీదాస్ బలరాం మా సికింద్రాబాద్ పక్క అమ్ముగూడ కుర్రాడు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో మన జట్టు నాలుగో స్థానంలో నిలిచినప్పుడు అందులో ఉన్నాడు. 1960 రోమ్‌లో హంగరీ మీద ఒక గోల్, పెరూ మీద ఒక గోల్. 1962లో జకార్తా ఏషియన్ గేమ్స్ స్వర్ణం. ఆ జట్టుని తయారు చేసింది మన కోచ్ రహీం సాబ్. మరుసటి ఏడాది జూన్‌లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయారు. అదే ఏడు బలరాం ఊపిరితిత్తుల జబ్బుతో ఆట మానేయాల్సి వచ్చింది. వయసు 27. ఇంకా ఆడాలని ఉన్నా ఒళ్లు ఒప్పుకోలేదు.

ఆ తర్వాత అరవై ఏళ్లు బతికాడు. 2023 ఫిబ్రవరిలో పోయాడు, బెంగాల్లో. ఏడేళ్ల ఆట కోసం అరవై ఏళ్లు జనం ఆయన్ని పలకరిస్తూనే ఉన్నారు. చిన్న కెరీర్ అంటే నాకు ఏమిటో అర్థం కాదు. మేం లాల్ బహదూర్ స్టేడియంలో గోడెక్కి ఆట చూసిన కుర్రాళ్లం. ఒక్క మంచి పాస్ చూస్తే వారం రోజులు దాని గురించే మాట్లాడుకునేవాళ్లం.

డాన్‌కాస్టర్ అబ్బాయీ, నీ కొడుకుని తిట్టకు. ఆడటానికి రేపు కూడా ఉంది. బలరాంకి లేకపోయింది.

నల్లగొండ పదో నంబర్

తాతా, మీకు దండం. మా కోచ్ సార్ ఎప్పుడూ బలరాం పేరు చెప్తుండె. రోమ్‌ల గోల్ గురించి ఆయన చేతులు ఊపుకుంట చెప్పేది.

డాన్‌కాస్టర్ అన్నా, మొదట్ల నేను బూడిద అన్న. ఆ మాట ఎనక్కి తీసుకుంటున్న. మీ ఇంట్లో పిల్లగాడు చదివితే బాధపడుతడు.

డాన్‌కాస్టర్ నాన్న

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. పెద్దాయనకి నమస్కారం.

ఇవాళ క్లబ్బుకి ఫోన్ చేశాను. నెలాఖరు దాకా గడువు ఇచ్చారు, మంచిగానే మాట్లాడారు. సాయంత్రం వాడి గదికెళ్లి వుడ్‌హౌస్ సంగతి చెప్పాను, హంబర్ గారు రాసినట్టే, గ్రిమ్స్‌బీ గాలితో సహా. వాడు ఫోన్ పక్కన పెట్టి విన్నాడు. చివర్లో అడిగాడు, "ఆ బాక్సింగ్ వీడియో ఉందా?" ఇద్దరం పన్నెండు రౌండ్లూ చూశాం. ఎనిమిదో రౌండులో మా ఆవిడ కూడా వచ్చి కూర్చుంది.

తర్వాత వాడే అన్నాడు, ఆట ఆడను గానీ చూడటానికి ఎక్కడికైనా వెళ్దామని. కారులో నేనొక్కణ్నే ముందు కూర్చుని, వాడు వెనక యూనిఫారంలో తింటూ కాకుండా, పక్క సీట్లో. హంబర్ గారూ, బ్లండెల్ పార్క్‌లో వచ్చే శనివారం ఆట ఉందా?

హంబర్ ఒడ్డున

ఉందండీ. మూడు గంటలకి. మీ నుంచి గంటంబావు ప్రయాణం. క్లీథార్ప్స్ స్టేషన్ వైపు వీధుల్లో కారు పెట్టుకుని నడిచి రండి, గేటు దగ్గర నేనుంటాను. స్టాండులో పై వరసల్లో కూర్చుందాం, అక్కణ్నుంచి ఓడలు కనపడతాయి.

పిల్లాడికి మఫ్లరు, చేతి తొడుగులు తప్పకుండా వేయించండి. మా అమ్మ ఆ రోజు నా కోటు కూడా తీసేసుకుంది.